పేజ్‌మేకర్ పోదు... విండోస్ ఆగదు!

పెళ్లి కార్డు మొదలుకొని పీహెచ్‌డీ థీసిస్ దాకా తెలుగు అచ్చును ఏళ్ల తరబడి మోసిన సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. మన డీటీపీ సెంటర్లు మాత్రం వదల్లేదు. విండోస్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ లేపి నిలబెడుతూనే ఉన్నాయి.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే డీటీపీ సెంటర్లలో కుర్చీ ఖాళీ దొరకదు. సరిగ్గా అప్పుడే ఏ మదర్‌బోర్డో పోతుంది. కొత్త సిస్టమ్ కొనక తప్పదు. అందులో విండోస్ 11 ఉంటుంది. సిస్టమ్ తెచ్చిన కుర్రాడు వైఫై కలిపి, ప్రింటర్ తగిలించి, ‘అయిపోయిందన్నా’ అని వెళ్లిపోతాడు. సాయంత్రానికి అతనికి ఫోన్ వెళ్తుంది.

“తమ్ముడూ, పేజ్‌మేకర్ ఓపెనవుతోంది గానీ తెలుగు పడట్లేదు.”

“అను లోడ్ చేశావా అన్నా?”

“చేశాను. వర్డ్‌లో పడుతోంది. పేజ్‌మేకర్‌లోకొస్తే మళ్లీ ఇంగ్లిషే.”

విజయవాడలో, హైదరాబాద్‌లో, వరంగల్‌లో, రాజమండ్రిలో... ఏ ఊళ్లోనైనా వినబడే మాటలే ఇవి. దీనికి మందుంది. అది చెప్పుకునే ముందు, ఇన్నేళ్లైనా ఈ పేజ్‌మేకర్‌ను పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారో చూడాలి.

1985లో అమెరికాలోని సియాటిల్‌లో ఆల్డస్ అనే చిన్న కంపెనీ మెకింతోష్ కంప్యూటర్ల కోసం పేజ్‌మేకర్‌ను తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినర్డే ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. మన వీధి బోర్డుల మీది ‘డీటీపీ’ అదే. 1987లో విండోస్ వెర్షన్ వచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 1999లో ఇన్‌డిజైన్‌ను తెచ్చిన అడోబీ, 2001లో పేజ్‌మేకర్ 7ను విడుదల చేసి, 2004లో ఇక దీన్ని ముందుకు తీసుకెళ్లబోమని చెప్పేసింది. అంటే 7 తర్వాత 8 లేదు. విస్టా, విండోస్ 7, 8, 10, 11... ఇవేవీ ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల ఊహలో కూడా లేవు.

మరి ఇన్‌డిజైన్‌కు మారొచ్చు కదా? మారినవాళ్లున్నారు. కానీ ఇన్‌డిజైన్‌లో తెలుగు వంటి భారతీయ లిపులను యూనికోడ్‌లో సరిగ్గా పేర్చే ఏర్పాటు 2012లో సీఎస్6తో గానీ రాలేదు. అప్పటిదాకా అక్కడ యూనికోడ్ తెలుగు పెడితే ఒత్తులు ఒక దిక్కు, గుణింతాలు ఒక దిక్కు. ఈలోగా పేజ్‌మేకర్‌కు తోడు అను లాంటి ఫాంట్లతో ఒక తరం ఆపరేటర్లు చేయి తిరిగినవాళ్లయ్యారు. యాపిల్ కీబోర్డు లేఔట్ వాళ్లకు వేళ్లలోనే ఉంది. కస్టమర్ చదువుతుంటే చూడకుండా కొట్టేస్తారు. పోయినేడు కార్డు ఫైలు తీసి పేర్లు మార్చి ఇచ్చేస్తారు. లాభనష్టాలు లెక్కేసుకునే ఈ వ్యాపారంలో, కూర్చున్న కొమ్మను ఎవరు మాత్రం నరుక్కుంటారు? బయటివాళ్లు దీన్ని బద్ధకం అంటుంటారు. నాకైతే అందులో లెక్కే కనబడుతుంది.

సిమ్‌సిటీ కోసం వంగిన విండోస్

పాత ప్రోగ్రాం కొత్త విండోస్ మీద నడవకపోతే తిట్టుకుంటాం. నడిస్తే మాత్రం దాని వెనక ఎవరి చాకిరీ ఉందో ఆలోచించం. విండోస్ 95 రోజుల్లో ఆ చాకిరీ ఏ స్థాయిలో జరిగిందో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ రాశారు. విడుదలకు ముందు డెవలప్‌మెంట్ మేనేజర్ తన ట్రక్కు వేసుకుని దగ్గర్లోని ఎగ్‌హెడ్ సాఫ్ట్‌వేర్ షాపుకు వెళ్లి, అక్కడున్న పీసీ ప్రోగ్రాములన్నీ ఒక్కో కాపీ చొప్పున కొనుక్కొచ్చాడట. వాటిని టీమ్‌లో వాళ్లు పంచుకుని, వాడి చూసి, ఏది ఎక్కడ ఆగుతుందో పట్టుకున్నారు.

వాటన్నిటిలోకీ పేరుపడ్డది సిమ్‌సిటీ ఆట సంగతి. సాఫ్ట్‌వేర్ నిపుణుడు జోయెల్ స్పోల్‌స్కీ రాయడంతో ప్రోగ్రామర్ల లోకమంతా పాకింది. ఆ ఆటలో ఒక తప్పుంది. మెమరీలో కొంత చోటు తీసుకుని, పని అయ్యాక ఖాళీ చేసి, మళ్లీ అదే చోటును చదువుతుంది. పాత విండోస్‌లో ఖాళీ చేసిన చోటు వెంటనే ఇంకొకరికి వెళ్లేది కాదు. కాబట్టి తప్పు బయటపడలేదు. విండోస్ 95లో వెళ్తుంది. ఆట కూలిపోయింది. తప్పు ఆటదే అయినా, జనం తిట్టేది కొత్త విండోస్‌ను. అందుకని మైక్రోసాఫ్ట్ వాళ్లు, నడుస్తున్నది సిమ్‌సిటీయేనా అని చూసుకుని, అవునైతే ఖాళీ చేసిన మెమరీని కాసేపు ఎవరికీ ఇవ్వకుండా పట్టి ఉంచేలా విండోస్‌లోనే ఏర్పాటు చేశారు.

వెర్షన్ నంబర్ల విషయంలో ఇంకా విచిత్రం. ‘విండోస్ 3.10 గానీ ఆ తర్వాతిది గానీ కావాలి’ అని చూసుకోవాల్సిన చాలా ప్రోగ్రాములు ఆ పోలికను తప్పుగా రాసుకున్నాయి. చుక్క తర్వాతి అంకె పది కంటే తక్కువ ఉంటే పాత విండోస్ అనుకుంటాయి. 4.0 అని నిజం చెబితే, సున్నా పది కంటే చిన్నది కాబట్టి ‘మీ విండోస్ పాతది’ అని మొండికేస్తాయి. అందుకే విండోస్ 95 ఆ పాత ప్రోగ్రాములకు తన వెర్షన్ 3.95 అని చెప్పుకుంది. విండోస్ 7 లోపలి నంబరు 6.1. ఇప్పటి విండోస్ 11ను అడిగినా లోపలి నుంచి 10.0 అనే జవాబొస్తుంది.

మన ఆపరేటర్లు రోజూ వాడే కంపాటిబిలిటీ ట్యాబ్ కూడా ఈ అబద్ధాల కార్ఖానాకే తలుపు. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి ‘విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3’ అని టిక్ పెడితే, ప్రోగ్రాంకూ విండోస్‌కూ మధ్య ఒక సన్నని పొర కూర్చుంటుంది. ప్రోగ్రాం ‘ఇది ఏ విండోస్?’ అంటే ‘ఎక్స్‌పీ’ అంటుంది. పాత పద్ధతిలో ఏదైనా కోరితే, కొత్త పద్ధతిలోకి మార్చి కిందికి పంపుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఈ పొరను షిమ్ అంటారు.

తెలుగు ఎందుకు పడట్లేదంటే...

ఇక ఆ ఫోన్ సంగతి. ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడే దానికి రాజు. ఏ ప్రోగ్రామైనా ఎక్కడైనా రాసుకోవచ్చు. విస్టాతో ఆ రాచరికం పోయింది. ప్రోగ్రాములకు హోదాలొచ్చాయి. మామూలు హోదా ఒకటి, అడ్మినిస్ట్రేటర్ హోదా ఒకటి. కింది హోదాలో నడిచే ప్రోగ్రాం పై హోదాలో నడిచే దాని కీబోర్డు వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు. వైరస్‌లను ఆపడానికి పెట్టిన నియమం ఇది.

తెలుగు కీబోర్డు ప్రోగ్రాం చేసే పనే వేలు పెట్టడం. మీరు ‘కె’ నొక్కితే, ఆ నొక్కుడును మధ్యలోనే పట్టుకుని దాని బదులు ఫాంట్‌లోని తెలుగు ముక్కను పంపుతుంది. ఇప్పుడేం జరిగిందంటే, పేజ్‌మేకర్ మొరాయిస్తోందని ఎవరో దాన్ని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’లో పెట్టారు. కీబోర్డు ప్రోగ్రాంను పెట్టలేదు. వర్డ్ మామూలు హోదాలో ఉంది కాబట్టి అక్కడ తెలుగు పడింది. పేజ్‌మేకర్ పై మెట్టు ఎక్కింది కాబట్టి అక్కడ పడలేదు. రెండింటినీ ఒకే హోదాలో పెడితే సరి. ఈ కిటుకు తెలియక విండోస్ మళ్లీ కొట్టించుకున్నవాళ్లున్నారు.

ఇన్‌స్టాల్ చేసే చోటు కూడా ముఖ్యమే. పాత ప్రోగ్రాములు సెట్టింగులను తమ ఫోల్డర్లోనే రాసుకుంటాయి. విస్టా నుంచి ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లో అలా రాయడం కుదరదు. విండోస్ ఆ రాతను చాటుగా వర్చువల్ స్టోర్ అనే ఇంకో ఫోల్డర్‌కు మళ్లిస్తుంది. దాంతో ఒక యూజర్‌కు కనబడే సెట్టింగు ఇంకో యూజర్‌కు కనబడదు. అనుభవం ఉన్న మెకానిక్కులు పేజ్‌మేకర్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లోనే విడిగా ఫోల్డర్ పెట్టి వేస్తారు. చిన్న పనే, చాలా తలనొప్పులు తప్పుతాయి.

తర్వాతి గండం ప్రింటింగ్. పేజ్‌మేకర్ పుట్టింది పోస్ట్‌స్క్రిప్ట్ లేజర్ ప్రింటర్ల కాలంలో. ఎదురుగా ఆ జాతి ప్రింటర్ ఉందనే అది నమ్ముతుంది. దాని వివరాలు పీపీడీ అనే చిన్న ఫైలులో వెతుక్కుంటుంది. ఇప్పటి చవక ప్రింటర్లలో పోస్ట్‌స్క్రిప్ట్ ఉండదు. ప్రింట్ కొడితే ప్రింటర్ రకం దగ్గర లిస్టు ఖాళీ. పీడీఎఫ్ చేద్దామన్నా అదే గొడవ. దీనికి షాపుల్లో వాడే ఉపాయం ఏమిటంటే, ఏదో ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్‌ను ఫైల్ పోర్టుకు కట్టి లోడ్ చేస్తారు. దాని పీపీడీని పేజ్‌మేకర్ ఫోల్డర్ లోపల, ఆర్‌ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్లో ఉండే పీపీడీ4లోకి కాపీ కొడతారు. పేజ్‌మేకర్‌కు లేని ప్రింటర్ కనబడుతుంది, పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు బయటికొస్తుంది, దాన్ని పీడీఎఫ్‌గా మార్చి ప్లేటుకు పంపుతారు.

అరవై నాలుగు బిట్ల గోడ

పై చిట్కాలన్నీ పేజ్‌మేకర్ 6.5, 7 వెర్షన్లకు పనికొస్తాయి, ఎందుకంటే అవి 32 బిట్ ప్రోగ్రాములు. 64 బిట్ విండోస్‌లో వాటికోసం ప్రత్యేకంగా ఒక వసతి ఉంది. 16 బిట్ ప్రోగ్రాములకు ఆ అదృష్టం లేదు. పాత డాస్ ప్రోగ్రాములు నడవడానికి ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక ప్రత్యేక మోడ్ ఉండేది. ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లోకి వెళ్తే అది అందుబాటులో ఉండదు. 16 బిట్ విండోస్ ప్రోగ్రాములకు కూడా 64 బిట్ విండోస్‌లో మైక్రోసాఫ్ట్ తలుపు మూసేసింది. విండోస్ 10 వరకూ 32 బిట్ ఎడిషన్ దొరికేది కాబట్టి ఏదోలా గడిచింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు.

అసలు ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా, దాన్ని లోడ్ చేసే సెటప్ ఫైలు మాత్రం 16 బిట్‌ది కావడం ఆ రోజుల్లో మామూలే. మైక్రోసాఫ్ట్ దీన్ని ముందే చూసింది. ఇన్‌స్టాల్‌షీల్డ్ లాంటి పేరున్న కొన్ని సెటప్‌లను 64 బిట్ విండోస్ గుర్తుపట్టి, వాటి బదులు తన దగ్గరున్న 32 బిట్ సెటప్‌ను నడుపుతుంది. ఆ లిస్టులో లేనివి ఇంతే సంగతులు.

లిపి సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి కాపీ కొట్టకుండా డాంగిల్ ఇచ్చేవారు. సిస్టమ్ వెనక ప్రింటర్ పోర్టుకు తగిలిస్తే తప్ప ప్రోగ్రాం లేవదు. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. ఉన్నా, దాని డ్రైవర్ 32 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో డ్రైవర్ కూడా 64 బిట్‌ది కావాలి, పైగా విస్టా నుంచి దానికి డిజిటల్ సంతకం ఉండాలి. డబ్బులిచ్చి నికార్సుగా కొనుక్కున్నవాడే ఇక్కడ ఇరుక్కుపోయాడు. దొంగ కాపీ వాడినవాడు హాయిగా ఉన్నాడు.

మరీ వేగం కూడా నేరమైన సందర్భం ఒకటుంది. టర్బో పాస్కల్‌లో రాసిన డాస్ ప్రోగ్రాములు కొన్ని, కంప్యూటర్లు జోరందుకున్నాక, ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని చెప్పి తెరుచుకోకముందే చచ్చిపోయేవి. అర్థం, సున్నాతో భాగించారని. ఎవరూ భాగించలేదు. జరిగిందేమిటంటే, ఆ ప్రోగ్రాములు మొదలవగానే కంప్యూటర్ ఎంత వేగంగా ఉందో కొలుచుకుంటాయి. గడియారం ఒక టిక్, అంటే సుమారు 55 మిల్లీసెకన్లు, గడిచేలోపు ఒక లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగిస్తాయి. జవాబు 65,535 దాటకూడదు, అంతకు మించి పట్టే గది లేదు. 200 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ప్రాసెసర్లు వచ్చేసరికి దాటేసింది. జవాబు పట్టకపోయినా ప్రాసెసర్ ఇచ్చే ఫిర్యాదు ఒకటే, సున్నాతో భాగించినట్టు. రాసినవాడికి అంత వేగం వస్తుందన్న ఊహే లేదు.

అన్నిటినీ బతికించాలా?

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. ఉభయ రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో సీ ల్యాబ్ అంటే నీలం తెర. టర్బో సీ. డాస్ కాలం నాటి ఆ కంపైలర్ విస్టా వచ్చాక ఫుల్‌స్క్రీన్ కాలేక పోయింది. 64 బిట్ వచ్చాక అసలు లేవలేక పోయింది. అప్పుడు ఏం చేశారు? డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో దాన్ని చుట్టి మళ్లీ పిల్లల ముందు పెట్టారు. డాస్‌బాక్స్ గొప్ప సాధనం. 2002 నుంచి పాత ఆటలను బతికిస్తున్న ఆ ప్రోగ్రాం, లేని కంప్యూటర్‌ను, దాని సౌండ్ కార్డుతో సహా, సాఫ్ట్‌వేర్‌లోనే కట్టి చూపిస్తుంది. కావాలంటే వేగాన్ని తగ్గించి పాతకాలపు నడకా నడిపిస్తుంది.

కానీ ఆ గొప్ప సాధనాన్ని ఇందుకా వాడేది? సీ అటుంచి, సీ++కు కూడా 1998లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. జీసీసీ కంపైలర్ అంతకు ముందు నుంచే ఉచితంగా దొరుకుతోంది. అయినా మన పిల్లలు ‘కోనియో డాట్ హెచ్’, ‘సీఎల్ఆర్ స్క్రీన్’, ‘వాయిడ్ మెయిన్’ అంటూ, మాదాపూర్ ఆఫీసుల్లో ఎవరూ ముట్టని అలవాట్లను పట్టుకుని ల్యాబ్ రికార్డులు నింపారు. పేజ్‌మేకర్‌ను వదిలితే పాత ఫైళ్లు పోతాయి. టర్బో సీని వదిలితే పోయేదేముంది? పాత రికార్డులోంచి ప్రోగ్రాములు ఎత్తి రాసుకునే సౌకర్యం తప్ప!

కంప్యూటర్‌లో కంప్యూటర్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆపైది ఉండాలి. నాలుగో తరం ఐ3తో నెట్టుకొస్తున్న డీటీపీ షాపుకు ఇది పెద్ద దెబ్బే. ఏదో ఒక రోజు కొత్త సిస్టమ్ కొనాలి, పైన చెప్పిన తంటాలన్నీ మళ్లీ పడాలి.

ఈ చక్రం నుంచి బయటపడే దారి వర్చువల్ మెషీన్. వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత ప్రోగ్రాం వేసి, అందులో ఎక్స్‌పీ లోడ్ చేసి, పేజ్‌మేకర్, ఫాంట్లు, కీబోర్డు అన్నీ సర్ది ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే, ఆ మొత్తం కొన్ని ఫైళ్లుగా హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. రేపు సిస్టమ్ మారితే ఆ ఫైళ్లను కాపీ చేసుకోవడమే. పాడైతే స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లడమే. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవాళ్లకు ‘ఎక్స్‌పీ మోడ్’ పేరుతో ఇదే ఇచ్చింది. ఎక్స్‌పీ లైసెన్సు సంగతి ఎవరికి వారు చూసుకోవాలి.

ఒక్కటే షరతు. లోపలి ఎక్స్‌పీకి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. దానికి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తోనే పోయింది. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ విరుచుకుపడి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డప్పుడు, మైక్రోసాఫ్ట్ నియమం పక్కనపెట్టి ఎక్స్‌పీకి ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. ప్రతిసారీ ఇవ్వదు. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ అడాప్టర్‌ను తీసేసి, ఫైళ్లకు షేర్డ్ ఫోల్డర్ ఒకటి పెట్టుకుంటే చాలు.

లైనక్స్ వాడేవాళ్లకు వైన్ ఉంది. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు 1.0 వెర్షన్‌కు చేరడానికి 2008 దాకా పట్టింది. అది విండోస్‌ను లోపల నడపదు. విండోస్ ప్రోగ్రాం అడిగేవాటికి లైనక్స్ నుంచే జవాబులు ఇప్పిస్తుంది. 64 బిట్ విండోస్ నడపనన్న 16 బిట్ విండోస్ ప్రోగ్రాములను కూడా లైనక్స్ మీద వైన్ నడిపిస్తుంది.

లోపల ఇరుక్కున్న తెలుగు

ఇంత కష్టపడి పేజ్‌మేకర్‌ను లేపేది కార్డుల కోసమే అయితే ఇంత రాయనక్కర్లేదు. కార్డు కొత్త సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కొట్టుకోవచ్చు. కానీ తొంభైల నుంచి అచ్చయిన తెలుగు పుస్తకాల్లో చాలావాటి మూలం ఈ ఫైళ్లలోనే ఉంది. నవలలు, నిఘంటువులు, సావనీర్లు, చిన్న పత్రికల సంచికలు. వాటిని తెరవాలంటే పేజ్‌మేకర్ ఒక్కటీ చాలదు, ఆనాటి ఫాంటు కూడా ఉండాలి.

ఆ ఫైల్లో తెలుగు లేదు మరి! యూనికోడ్ 1991లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది, విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో దాన్ని మన తెర మీదికి తెచ్చింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియనే తెలియదు. దానికి తెలిసింది 256 స్థానాల ఫాంటు. ఫాంటు తయారుచేసినవాళ్లు ఆ స్థానాల్లో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు తీసేసి తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు కూర్చారు. సీసపు అక్షరాల కంపోజిటర్ కేసులోంచి ముక్కలు ఏరి పేర్చినట్టే ఆపరేటర్ తెర మీద పేరుస్తాడు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే పౌండు గుర్తులు, వర్గమూలం గుర్తులు, నెత్తిన చుక్కలున్న లాటిన్ అక్షరాలు కనబడతాయి. ఏ స్థానంలో ఏ ముక్క అన్నది ఒక్కో కంపెనీది ఒక్కో దారి. ఒకే కంపెనీ వెర్షన్ మార్చినా దారి మారొచ్చు.

‘స్త్రీ’ అనే అక్షరాన్నే తీసుకోండి. యూనికోడ్‌లో అది పలికే వరుసలో నిల్వ ఉంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు. పాత ఫాంట్లలో కంటికి కనబడే వరుసే వరుస. ‘సీ’ ఒక ముక్క, త ఒత్తు ఒకటి, క్రావడి ఒకటి. క్రావడి ఎడమవైపు నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో దాన్ని అక్షరానికి ముందే కొట్టాలి. మార్చే ప్రోగ్రాం ఆ క్రావడిని పట్టుకుని, అది ఏ హల్లుకు చెందిందో తేల్చి, వెనక్కి జరిపి, దీర్ఘాన్ని చివరికి నెట్టాలి. ఇలాంటి కన్వర్టర్లను తెలుగు మీద ప్రేమతో కొందరు సొంతంగా రాసి ఉచితంగా పెట్టారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయినా ఏ ఒక్కటీ నూటికి నూరుపాళ్లు మార్చదు.

కన్వర్టర్ చేతికిచ్చే ముందు ఫైలును ఎలా బయటికి తీశామన్నదాని మీదే సగం ఫలితం ఉంటుంది. పేజ్‌మేకర్‌లో మ్యాటర్‌ను సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే ఫాంటు పేర్లు రాలిపోతాయి. మధ్యలో టైమ్స్ రోమన్‌లో ఉన్న ఇంగ్లిషు పేర్లు కూడా తెలుగే అనుకుని కన్వర్టర్ వాటిని అర్థం లేని ఒత్తుల గుంపు చేసేస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి ఆర్‌టీఎఫ్‌గా తీస్తే ఏ ముక్క ఏ ఫాంటుదో వెంట వస్తుంది. అప్పుడు ఇంగ్లిషును ఇంగ్లిషుగా వదిలేయొచ్చు. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ పేజ్‌మేకర్ 6, ఆ తర్వాతి ఫైళ్లు నేరుగా తెరుచుకుంటాయి. ఆ తర్వాతి వెర్షన్లలో ఆ దారి లేదు. సీఎస్6 ఉన్నవాళ్లు దాన్ని కూడా పారేయకుండా ఉంచుకోవడం మంచిది. పాత ఫాంట్లలో టైప్ 1 రకానివి ఉంటే మరీ జాగ్రత్త. 2023 నుంచి అడోబీ తన సాఫ్ట్‌వేర్లలో ఆ రకం ఫాంట్లను పక్కన పెట్టేసింది.

అంతా సవ్యంగా జరిగినా, లైను సరిపోవడానికి ఆనాడు ఆపరేటర్ చేత్తో విరిచిన మాటలు అలాగే విరిగి వస్తాయి. ఒత్తు కాస్త పక్కకు జరగాలని స్పేసు కొట్టిన చోట ఒక మాట రెండు మాటలవుతుంది. పద్యాల్లో అరసున్నాలు మాయమవుతాయి. వీటిని పట్టుకునేది అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని చదివే ప్రూఫ్‌రీడరే. ఫారానికి పదహారు పేజీల లెక్కన మళ్లీ మొదటి ప్రూఫ్, రెండో ప్రూఫ్ చదవాలి, ఆ చదివినందుకు మళ్లీ డబ్బివ్వాలి. ఒకసారి అచ్చయిపోయిన పుస్తకానికి రెండోసారి ప్రూఫ్ ఖర్చు పెట్టడానికి చేతులు రాకే, చాలామంది పబ్లిషర్ల ఆఫీసుల్లో ఆ మూల సిస్టమ్ ఇంకా ఎక్స్‌పీతోనే లేస్తోంది.